లారీ దిగే దారి

భర్త ఏలూరు ఆసుపత్రిలో ఇంకా కళ్లు తెరవలేదు. ఆయన కారు హైవే మీంచి దొర్లిపడింది తన అన్నయ్య చేపల చెరువులోకేనని తెలిసి, ఆమె ఆ గట్టు మీదికి వచ్చింది.

“ముందే చెప్పానమ్మా, ఆ ఎలక్ట్రిక్ కారు వద్దని. బావగారు విన్నారా? అంత బ్యాటరీ బరువుతో అదుపు తప్పితే ఇంక ఆగుతుందా?”

“కారు కాపాడిందన్నయ్యా. ఎయిర్‌బ్యాగులన్నీ తెరుచుకున్నాయి. రోడ్డంచున ఇనప రెయిలింగ్ ఉంటే నీళ్లలోకి వెళ్లేది కాదంట.”

“హైవే వాళ్లు వేయకపోతే మనమేం చేస్తాం?”

“అటూ ఇటూ వేశారు. నీ చేపల లారీ దిగే చోటే లేదు.”

“దొంగలు విప్పుకుపోయుంటారు.”

“మంచి దొంగలన్నయ్యా. విప్పిన రేకులు నీ కాలవ మీద వంతెనగా వేసి పోయారు. ఇప్పుడు వాటి మీంచే నడిచొచ్చాను.”

“బావగారికి మాత్రం చెప్పకమ్మా.”

“చెప్పాలంటే ఆయన కళ్లు తెరవాలిగా అన్నయ్యా!”