పట్టాయాలో దూకిన మనిషి

నా పేరు చిక్కం లక్ష్మీదుర్గ. భర్త శివప్రసాద్. వయసు ముప్పై మూడు. మాది కొత్తపేట. ప్రస్తుతం రాజోలులో మా అన్నయ్య ఇంట్లో ఉంటున్నాను. నా భర్త వేసిన పిటిషన్‌లో నా వృత్తి గృహిణి అని రాశారు. అది తప్పు. కొత్తపేటలో మా ఎరువుల దుకాణం కౌంటరులో పదకొండేళ్ళు కూర్చున్నది నేను. నా భర్త వృత్తి వ్యాపారం అని రాశారు. ఆయన దుకాణం ముందు కుర్చీ వేసుకుని పేపరు చదివేవారు. దాన్ని ఏ వృత్తి కింద రాయాలో కోర్టు వారే నిర్ణయించాలి.

2007 జూలై 12న అమలాపురం కోర్టులో, జడ్జి గారి ఎదుట ప్రమాణం చేసి ఈ సంగతులు చెబుతున్నాను.

నా మీద ఆరోపణ ఒకటే. 2005 సెప్టెంబరు 17న థాయిలాండులోని పట్టాయాలో, పరాయివాళ్ళ ముందు, భర్తను అవమానించాలనే ఉద్దేశంతో మంగళసూత్రం తీసేశానని, అది క్రూరత్వమని, కాబట్టి విడాకులు ఇప్పించాలని ఆయన అడుగుతున్నారు. విడాకులకు నాకు అభ్యంతరం లేదు. కానీ ఈ కారణం తీర్పులో పడితే, మా అమ్మాయి శిరీష కొత్తపేటలో తాళి తీసి పారేసినదాని కూతురు అవుతుంది. దానికి పదేళ్ళు. అందుకే జరిగింది జరిగినట్టు చెప్పడానికి వచ్చాను.

ఆ ఏడాది పురుగుమందుల కంపెనీ వారు బాగా అమ్మిన డీలర్లను భార్యలతో సహా బ్యాంకాకు తీసుకెళ్ళారు. అమ్మింది నేను. డీలరు ఆయన. విమానంలో కిటికీ సీటు కూడా ఆయనదే.

పట్టాయాలో ఒక చెరువు పక్కన పెద్ద క్రేను ఉంది. దానికి ఇనప బోను వేలాడుతుంది. మనిషి కాళ్ళకు రబ్బరు తాడు కట్టి, బోనులో పైకి లేపి, అక్కడి నుంచి చెరువు మీదికి తలకిందులుగా దూకమంటారు. దాన్ని బంగీ జంప్ అంటారట. ముందురోజు రాత్రి భోజనాల దగ్గర నా భర్త ఈ సంగతి విని, అదెంత పని, చిన్నప్పుడు వరద గోదారిలోకి రావులపాలెం వంతెన మీంచి దూకినవాణ్ణి అన్నారు. పెళ్ళయినప్పటి నుంచీ వింటున్నాను ఆ వంతెన కథ. మా అత్తగారు పాపాయమ్మ గారు ఒకసారి నాతో, వీడికి ఈత రాదమ్మా అని చెప్పారు. ఆవిడ అబద్ధం ఆడే మనిషి కాదు. ఆవిడ కడుపున ఈయన ఎలా పుట్టారో నాకు తెలియదు.

మరునాడు శనివారం. పొద్దున్న పదకొండు గంటలకు బస్సు అక్కడ ఆగింది. కంపెనీ మేనేజరు చూస్తుండగా ఆయన ముందుకెళ్ళి టిక్కెట్టు కొన్నారు. అక్కడివాళ్ళు తూకం వేసి, ఎన్ని కిలోలో ఆయన చేతి మీద పెన్నుతో రాశారు. ఆ చెయ్యి ఎత్తి అందరికీ చూపించారు. అప్పుడే పైనుంచి ఒక తెల్ల అమ్మాయి దూకింది. దాని కేక విన్నాక నా భర్త చెయ్యి దించేశారు.

ముందు బీపీ అన్నారు. తరవాత మడమ బెణికింది అన్నారు. మండపేట డీలరు భీమరాజు గారు నవ్వడం మొదలెట్టారు. చివరికి ఆయన, ఇవాళ శనివారం, అప్పనపల్లి బాలబాలాజీకి మొక్కుకుని ఒంటిపూట ఉంటున్నాను, ఖాళీ కడుపుతో దూకకూడదు అన్నారు. ఆ పొద్దున్న హోటల్లో ఆయన మూడు పళ్ళాల సాసేజీలు తిన్నారు. అవి ఏ మాంసమో కూడా అడగలేదు.

భీమరాజు గారు, "ఏవండీ ప్రసాదు గారూ, బోను కిందే నిలబడి దూకేత్తారా?" అన్నారు. మేనేజరు కూడా నవ్వాడు. నా భర్త నా వైపు తిరిగి, "నువ్వెళ్ళవే దుర్గా. నీకు భయం లేదు కదా. టిక్కెట్టు ఊరికే పోద్ది" అన్నారు.

నాకు దూకాలని లేదు. ఆయన పక్కన నిలబడాలని అంతకంటే లేదు. అందుకే వెళ్ళాను.

అక్కడి అమ్మాయి నా మెడ చూపించి, గొలుసులు తీయాలని సైగ చేసింది. దూకినప్పుడు ముఖానికి తగులుతాయట. నేను వెనక్కి తిరిగి, "ఏవండీ, పుస్తెలు తియ్యమంటున్నారు. తియ్యమంటారా?" అని అడిగాను. ఆయన, "తీసి ఇలా ఇయ్యి తొందరగా, అందరూ చూత్తున్నారు" అన్నారు. నేను తీసి, కళ్ళకద్దుకుని, ఆయన చేతిలో పెట్టాను. చేతిలో పెట్టాను. పారేయలేదు, విసరలేదు. ఆయన దాన్ని చూయింగ్ గమ్ ఉన్న జేబులో వేసుకున్నారు. రాత్రి నేను తిరిగి వేసుకున్నప్పుడు దానికి పుదీనా వాసన వచ్చింది.

ఆ అమ్మాయి గాజులు, మెట్టెలు కూడా లాగి చూసింది. విమానంలో చేతులూ కాళ్ళూ వాచి ఉన్నాయి, రాలేదు. వదిలేసి, మడమల పైన తువ్వాలు చుట్టి తాడు కట్టింది.

ఆ బోను ఈ కోర్టు బోను కన్నా చిన్నది. పైకి వెళ్ళాక సముద్రం కనిపించింది. కింద కంపెనీ ఇచ్చిన ఆకుపచ్చ టీ షర్టులు, ఆకుపచ్చ ప్యాంట్లు వేసుకుని అందరూ తలలెత్తి చూస్తున్నారు. నేను వేసుకున్నదీ అవే. ఆడా మగా అందరికీ ఒకటే ఇచ్చారు. నాకు భయం వేసింది. భయం వేసిందనే చెబుతున్నాను, అందులో దాచుకోవడానికేమీ లేదు. దూకాను. ఆ తరవాత తాడు లాగి, వదిలి, మళ్ళీ లాగి, తలకిందులుగా ఊగుతుంటే నవ్వొచ్చింది. అక్కడ నన్ను పిలిచేవాళ్ళు లేరు. దుర్గా, టీ పెట్టు అనేవాళ్ళు లేరు. యూరియా కట్ట దింపించు అనేవాళ్ళు లేరు. కాసేపు అలాగే వదిలేస్తే బాగుండునని అనిపించింది.

తిరిగొచ్చాక రావులపాలెం బస్టాండులోనే నా భర్త తాను దూకినట్టు చెప్పడం మొదలెట్టారు. ఆ తరవాత, అక్కడ తీసిన నా ఫోటోను స్టూడియోలో ఇచ్చి, కంప్యూటర్లో జడ తీయించి, నిలువెత్తున పెద్దది చేయించి, దుకాణంలో కౌంటరు పైన కట్టించారు. మనిషి తలకిందులుగా ఉన్నాడు, చేతులు ముఖానికి అడ్డం ఉన్నాయి. మీసం కూడా పెట్టమన్నారట, చోటు లేక స్టూడియో వాడు ఒప్పుకోలేదట.

ఏడాదికి పైగా ఆ ఫోటో కింద కూర్చుని నేను ఎరువులు అమ్మాను. వచ్చిన ప్రతి రైతూ, "ప్రసాదు గారేనాండీ ఇది?" అని అడిగేవారు. నేను "ఆయ్" అనేదాన్ని. ఆ దుకాణంలో నా చేతి మీదుగా జరిగిన కల్తీ అదొక్కటే.

ఈ ఏడాది ఫిబ్రవరిలో మా ఆడపడుచు ఇంట్లో శుభకార్యానికి వెళ్ళాం. ఆయన చుట్టూ జనాన్ని పోగేసుకుని, గాలి ఎలా కోసిందో, గుండె ఎలా నిబ్బరంగా ఉందో చెబుతున్నారు. మా శిరీష, "నాన్నా, భయం వెయ్యలేదా?" అంది. ఆయన, "భయం ఆడోళ్ళకమ్మా" అన్నారు. నేను నవ్వాను. ఆపుకుందామనుకున్నాను, ఆగలేదు. చేతిలో పులిహోర పళ్ళెం ఉంది, దాన్ని కింద పెట్టేసి మరీ నవ్వాను. ఎందుకు నవ్వుతున్నానో ఎవరికీ చెప్పలేదు. మా ఆడపడుచు మాత్రం ఆయన ముఖం చూసి లోపలికి వెళ్ళిపోయింది. మూడు నెలల్లో ఈ పిటిషన్ వచ్చింది.

భీమరాజు గారిని సాక్షిగా రమ్మని అడిగాను. ఆయనా నా భర్తా ఈ మధ్య కలిసి ఒక ఏజెన్సీ తీసుకున్నారు. అందువల్ల ఆయనకు పట్టాయా అంతా గుర్తుంది గానీ ఆ శనివారం ఒక్కటీ గుర్తు లేదట.

నా భర్త తరఫు వకీలు గారు, తాళి తీశావా లేదా, అవునో కాదో చెప్పు అన్నారు. తీశాను. ఎందుకు తీశావని ఆయన అడగలేదు, అడగరు కూడా. దూకడానికి తీశానంటే దూకింది నేనవుతాను. దూకింది ఆయనే అంటే నేను తాళి తీయవలసిన పనే లేదు. రెండింటిలో ఏది నిజమో నా భర్తనే ఈ బోనెక్కి చెప్పమనండి. ఇది ఎక్కడానికి క్రేను కూడా అక్కరలేదు.

చెప్పలేకపోతే ఆ ఫోటో తెప్పించండి. నిన్న కొత్తపేట మీదుగా వెళ్ళే బస్సులోంచి చూశాను, ఇంకా అక్కడే ఉంది. ఆయన దాన్ని దించలేరు, దించితే ఊరు అడుగుతుంది. స్టూడియో వాడు జడ తీశాడు, గాజులు తీశాడు. తలకిందులుగా ఉన్న మనిషిలో కాళ్ళు పైన ఉంటాయని వాడికీ తోచలేదు, ఆయనకూ తోచలేదు. కోర్టు వారు ఫోటో పైభాగం చూడవలసిందిగా కోరుతున్నాను. రెండు కాళ్ళకూ మెట్టెలు ఉన్నాయి. దూకింది నేనని, తాళి తీసింది అందుకేనని అవే చెబుతాయి.

ఇదంతా నా నోటితో చెప్పినది, నేను ఎరిగినంతవరకు నిజం. రాసినది గుమస్తా గారు నాకు చదివి వినిపించారు. నా భర్త దూకకపోవడానికి కారణం రాసిన చోట 'అస్వస్థత వలన' అని ఉంది. నేను ఆ మాట చెప్పలేదు. కొట్టివేయించి 'భయపడి' అని రాయించాను. ఆ దిద్దుబాటు పక్కన ఒకసారి, కింద ఒకసారి సంతకం చేస్తున్నాను.

(సం) చిక్కం లక్ష్మీదుర్గ