పది ఇళ్ళు విన్న తగువు

టర్లీ కౌంటీలో గోధుమ నూర్పుళ్ళ కాలం. నూర్పిడి యంత్రం అందరికీ ఒకటే, వంతుల మీద తిరుగుతుంది; ఎవరి వంతైతే ఆ ఇంటివాళ్ళే పనివాళ్ళందరికీ భోజనం పెట్టాలి. రోడ్డు మీది పది ఇళ్ళకూ కలిపి ఒకటే టెలిఫోను తీగ. ఒకరింట గంట మోగితే పదిళ్ళలోనూ మోగుతుంది. పక్కవాళ్ళ మాటలు వినడం పాపమని పాస్టరు గారు ఆదివారం ఆదివారం చెబుతారు. ఆయన భార్య కూడా ఫోనెత్తి వింటుంది.

"...అదేంటి డోర్కాసక్కా! మీ పొలం అయ్యాక యంత్రం నా పొలానికి కదా రావాలి?"

"రావాలి ఆల్వినా. కానీ ఇప్పుడే మా ఇంట భోజనాల దగ్గర ఈనస్ హ్యాచ్ అందరికీ చెప్పేశాడు. రేపు వాళ్ళ పొలానికే తోలుతాడట."

"ఆయన వంతు నా తర్వాత!"

"నూర్పుళ్ళ పెద్ద ఆయనే కదే. మగదిక్కు లేని పొలం, నాలుగు రోజులు ఆగితే కొంపలేం మునగవు అన్నాడు."

"మునగవా? పడమట చూడండి, ఆకాశం ఎలా ఉందో! రేపు కాకపోతే ఎల్లుండి వాన. పనలు తడిస్తే అక్కడికక్కడే మొలకెత్తుతాయి. మా ఆయన వెర్నర్ పోయాక నాకున్నది ఈ ఒక్క పంటే అక్కా. పిల్లలకేం పెట్టను? వచ్చే ఏడు ఏం చల్లను?"

"ఏడవకు, ఏడవకు."

"ఏడవట్లేదు, ఒళ్ళు మండుతోంది! అందరూ పాలేళ్ళని పంపితే, నేను స్వయంగా బండి కట్టుకుని ఇంటింటికీ వెళ్ళి పనలు మోశాను. మీ పొలంలో మొయ్యలేదూ?"

"మోశావు తల్లీ, మావాడికంటే నువ్వే ఎక్కువ మోశావు."

"అక్కా... మీ ఇంట్లో ఏంటా టిక్కు టిక్కు?"

"మాకు గడియారం ఎక్కడిదే? కోడి కూస్తే లేస్తాం. ఈ రోడ్డు మీద అంత పెద్ద గోడ గడియారం ఒక్క ఇంట్లోనే ఉంది."

"ఓహో."

"ఆఁ. అదే."

"అయితే అక్కా, కాస్త గట్టిగానే మాట్లాడుకుందాం."

"నాకు గొంతు తక్కువా ఏంటి! ఏమంటున్నానంటే ఆల్వినా, ఆ ఈనస్ ఇంటావిడ లవీనియా గారిని తలుచుకుంటే జాలేస్తోంది."

"ఎందుకూ?"

"ఎందుకేంటి! ఇరవై మంది నూర్పిడి మగాళ్ళు రేపు ఆవిడ బల్ల దగ్గర కూర్చుంటారా? మా ఇంట్లో పొద్దున్నించీ తింటూనే ఉన్నారు, మిడతల దండు నయం. రెండు రోజుల ముందు నుంచీ కాల్చాను రొట్టెలు. ఆవిడకి ఆయన చెప్పాడో లేదో!"

"చెప్పే ఉంటాడులే."

"ఈనసా? ఇల్లు తగలబడితే మర్నాడు చెబుతాడు. పాపం, చల్లటి చిక్కుళ్ళు పెడుతుంది. ఆ మాట వచ్చే నూర్పుళ్ళ దాకా కౌంటీ అంతా చెప్పుకుంటారు. గ్రేటా స్లోన్ ఇంట్లో ఉడకని బంగాళదుంపలు పెట్టి పదేళ్ళయింది, ఇప్పటికీ ఎవరైనా మర్చిపోయారా?"

"ఊరుకోండక్కా. లవీనియా గారి చేతి రొట్టె మహా మెత్తన."

"మెత్తనే, కాఫీలో ముంచితే."

"డోర్కాస్!"

"అమ్మో! ఎవరది?"

"ఎవరో తెలియనట్టు! మా ఆయన అక్కడే ఉన్నాడా?"

"లవీనియా గారా! మీరెప్పుడు ఎత్తారు? ఉన్నారు, మా బల్ల దగ్గర రెండో ముక్క ఆపిల్ పై లాగిస్తున్నారు."

"పిలువు!"

"ఈనస్ గారూ! మీ ఆవిడ! రండి, చెయ్యి తుడుచుకుని పట్టుకోండి."

"హలో? ఏంటే లవీ?"

"రేపు ఇరవై మందిని ఇంటి మీదికి తోలుకొస్తున్నారట! నాకు ఒక్క మాట చెప్పక్కర్లేదా?"

"అదేంటే, నిన్న చెప్పాను కదా!"

"ఎప్పుడు చెప్పారు?"

"పొద్దున! చెబితే నువ్వేగా డబ్బాడు పిండి తీసి పిసుక్—"

"పిండా? ఏ పిండి? ఇంట్లో పిండే లేదు! ఒక్క రొట్టె లేదు, ఒక్క కోడి కొయ్యలేదు! ఇరవై మంది ముందు నా పరువు తీస్తారా?"

"మెల్లగా మాట్లాడవే, లైనంతా వింటున్నారు."

"విననివ్వండి! పొరుగింటి విధవరాలి వంతు లాక్కోడానికి లేని సిగ్గు ఇప్పుడెందుకు?"

"నేను లాక్కోలేదు! ఎవరూ ఏమీ అనలేదు కదా!"

"నేనంటున్నానోయ్ ఈనస్."

"నువ్వెవరయ్యా మధ్యలో?"

"ఓబెడ్ టటిల్‌ని. వంతు ఆల్వినాది. వసంతంలో మా కళ్ళంలోనే ఒప్పుకున్నావు."

"తాతా, నువ్వూ వింటున్నావా?"

"చెవుడు బాబూ, ఏదో కాస్త వినిపించింది."

"సరే సరే! రేపు యంత్రం ఆల్వినా పొలానికే! చాలా? ఇక నన్ను తిననిస్తారా?"

"అందరూ విన్నారుగా!"

"విన్నాం!"

"విన్నాం, విన్నాం!"

"దేవుడా, ఎంతమంది ఉన్నారే ఈ తీగ మీద! పెట్టేస్తున్నా."

"అక్కా... డోర్కాసక్కా, ఉన్నారా?"

"ఉన్నానే. నవ్వలేక కడుపు పట్టుకున్నా. గెలిచాం!"

"గెలిచాం సరే. రేపు ఆ ఇరవై మందికి నేనేం పెట్టను? నాకు నిజంగానే పిండి లేదు."

"అయ్యో! నా దగ్గరా ఊడ్చేశారే..."

*ఆ సాయంత్రం, ఆల్వినా వంటింటి గుమ్మం.*

"కుక్కని పట్టుకో ఆల్వినా. నేనే, లవీనియాని."

"మీరా! రండి. మధ్యాహ్నం మేం మాట్లాడింది..."

"నా గురించే. కాఫీలో ముంచే ముక్క కూడా విన్నాను. డోర్కాస్ సంగతి తర్వాత చెబుతాను."

"మీరు వింటున్నారని మాకు తెలుసు. క్షమించండి."

"మీకు తెలుసని నాకూ తెలుసు. లేకపోతే ఎవరు అంత అరిచి చెప్పుకుంటారు? అసలు విషయానికి ఎంతసేపటికీ రారే! ఎప్పుడు దూరాలా అని నిలబడి నిలబడి కాళ్ళు లాగేశాయి."

"అంటే... మీరు కావాలనే?"

"వంతు నీదేనని ఇంట్లో రాత్రంతా చెప్పి చూశాను, చెవిన పెట్టలేదు. పదిళ్ళు వింటుంటే మాత్రం ఈనస్ కాదనలేడు. ముప్పై ఏళ్ళ కాపురం, ఆ మాత్రం తెలియదా?"

"మీ మేలు ఎలా తీర్చుకోను! కానీ నూర్పిడి అయితే చాలదు కదండీ. వాళ్ళకి పెట్టడానికి..."

"బండి మీద గుడ్డ తియ్యి."

"అమ్మ బాబోయ్! ఇన్ని రొట్టెలా! కోళ్ళు! ఆపిల్ పైలు! మరి ఫోనులో పిండే లేదన్నారు?"

"పిండి ఎలా ఉంటుంది, అంతా రొట్టెలైపోతే? నిన్నట్నించీ పొయ్యి దగ్గరే ఉన్నాను. త్వరగా దించు, ఎవరైనా చూస్తారు."

"చూస్తే ఏమండీ? మీరు చేశారని రేపు అందరికీ చెబుతాను!"

"చంపేస్తాను! రేపు మా ఆయన మొదటి ముక్క నోట్లో పెట్టుకుని, 'మా ఇంటిదానికి జన్మలో ఇలా చెయ్యడం రాదు' అంటాడు. నవ్వకుండా, నువ్వే చేశావని చెప్పు."