చల్లగుండ మత్తయి

రండి అయ్యగారూ, ఆ మంచం మీద కూర్చోండి. ఆయ్, ఇందాక మీ ప్రసంగం విన్నానండి. చెవులు కాస్త మందమే గానీ మైకు పెట్టేరుగా, బాగానే వినపడింది. మాసిన చొక్కా విప్పేసి ఉతికింది తొడుక్కున్నట్టు, పాడు అలవాట్లు వదిలేసి దేవుడికి ఇష్టమైనవి పట్టుకోమన్నారు. బాగా చెప్పేరు. మీరేం అనుకోనంటే ఒక మాటండి. ఆ చొక్కా అంత తేలిగ్గా ఊడదండీ. ఒక్కోసారి తోలుతో సహా వత్తాది. మీరు కుర్రోళ్ళు, నిన్నగాక మొన్న వచ్చేరు ఈ సంఘానికి. మా మత్తయిని మీరెక్కడ చూత్తారు, ఆడు పోయి నలభై ఏళ్ళు దాటింది. చల్లగుండ మత్తయి అనేవోళ్ళు లెండి ఆఖర్న. అంతకు ముందు మటుకు బూతుల మత్తయే.

కొబ్బరి దింపులు తీసేవోడండి. ఆడు చెట్టెక్కి గెలలు నరికేవోడు, నేను కింద కాయలు పోగేసేవోణ్ణి. దొరల రాజ్యం ఇంకా ఉందప్పటికి. అబ్బో, ఏం నోరండి బాబూ! పైనుంచి రాలేవి కాయలో తిట్లో తెలిసేది కాదు. చీమ కుడితే చీమనీ, కత్తి మొండైతే కత్తినీ, దాన్ని కాల్చిన కమ్మరినీ, ఆడి తాతనీ. చెట్టు మీద తిడితే ఊరంతా వినపడదండీ మరి? ఆదివారం గుళ్ళో మటుకు పిల్లిలా కూర్చునేవోడు. గుమ్మం దాటితే మామూలే. అదేటంటే, మా పేటలో అప్పుడు తిట్టంటే ముద్దేనండి. ఆడికి రూతని ఒక్కత్తే కూతురు. అయిదారేళ్ళుంటాయి, నవ్వితే సొట్టలు పడేవి. దాన్ని భుజానికెత్తుకుని "నిన్ను గోదాట్లో కలప!" అనేవోడు. అది ఆడి చెవి మెలేసి "నిన్నే కలప!" అనేది. ఇద్దరూ పడీపడీ నవ్వుకునేవోరు. చూసే మాకూ నవ్వే. ఎవరికీ తప్పనిపించలేదు.

ఆవేళ కాలవకి అవతలి గట్టున దింపు తీత్తన్నామండి. పిల్ల తండ్రికి చద్దన్నం పట్టుకొత్తంది. కాలవ మీద తాటిదుంగే వంతెన. వానలు పడి నీళ్ళు గట్లొరుసుకుని పారతన్నాయి. మాకు కాలవన్నా గోదారేగా, ఆ నీళ్ళే గదా. మత్తయి చెట్టు మీంచి చూసేడు. "ఎంతసేపే, ఆకలేసి చత్తన్నాను, నిన్ను గోదాట్లో కలప!" అని కేకేసేడు. పిల్ల తలెత్తి నవ్వింది. నవ్వుతానే అడుగేసింది. అంతేనండి. ఆడు మానుని కరుచుకుని జర్రున జారిపోయేడు, గుండెల మీద తోలంతా ఊడొచ్చేసింది. ఆడూ దూకేడు, నేనూ దూకేను. లాకు తలుపుల దగ్గర దొరికింది. ఆడి పెళ్ళాం వీరలక్ష్మి, బాప్తిస్మంలో సారమ్మని పెట్టేరు గానీ ఎవరూ పిలవలేదు లెండి, ఆవిడ ఏడవలేదండి. సమాధిలో మట్టేసేక మొగుడి వైపు తిరిగింది. "కలిపేవుగా. ఇంక నోరు మూసుకో," అంది. మళ్ళీ ఆడితో మాట్లాడలేదు.

ఆడు నిజంగానే మూసుకున్నాడండి. పలకరిస్తే తలూపడమే. అప్పుడు మనకి ఏసుదాసు అయ్యగారని ఉండేవోరు. మనిషి కోపిష్టి గానీ మంచోరు. ఆయనొచ్చి, "ఒరే మత్తయీ, కలుపు పీకేసి చేను వదిలేత్తే ఏం మొలుత్తాదిరా? మళ్ళీ కలుపే. నాటు వెయ్యాలి. గోదాట్లో కలప అన్నా, చల్లగా ఉండ అన్నా తోక ఒకటేరా. తిట్టుకీ దీవెనకీ తల మార్చుకుంటే చాలు. తిట్టు నాలిక మీదకొచ్చినప్పుడల్లా చల్లగుండ అను," అన్నారు. చెప్పడం తేలిక. పడినోడికి తెలుత్తాది. చెట్టు మీద చెయ్యి తెగితే "నీ..." అని మొదలెట్టి, పళ్ళు కొరుక్కుని, "...చల్లగుండ!" అనేవోడు. కింద జనం, "ఇదిగో, ఇప్పుడు మింగింది ఫలానా బూతు," అని పందేలు కట్టుకునేవోరు. కుర్రకుంకలు పనిగట్టుకుని రాళ్ళు రువ్వేవోరు, ఆడి నోట తిట్టు వినాలని. ఆడు చెట్టుకి తలానించి ఏడవడం నేను చూసేనండి. ఏళ్ళు పట్టింది. ఎప్పుడు మారిందో తెలీదు గానీ, పళ్ళు కొరకడం పోయింది, మాట ఒక్కటే మిగిలింది. అదెంత తీయగా ఉండేదంటే, పేట వోళ్ళే కాదు, ఊళ్ళో అచ్చాయమ్మగారి లాంటి పెద్దిళ్ళ వోళ్ళు కూడా పసిపిల్లల్ని దొడ్డిగుమ్మంలోకి తెచ్చి, "మత్తయ్యా, ఓ మాట అను," అనేవోరు.

ఆంధ్రరాష్ట్రం వచ్చిన ఏడు వీరలక్ష్మికి కొడుకు పుట్టేడు. మాటల్లేకపోయినా కాపురం కాపురమేగా. మత్తయి పురిటి గదిలోకి తొంగి చూత్తే, ఆవిడ పిల్లాడి చెవులు రెండు చేతుల్తో మూసేసింది. నోటితో అనలేదు, మూసేసిందంతే. ఆడికర్థమైంది. ఊరి పిల్లలందరికీ దీవెనే అయ్యగారూ, సొంత కొడుకు దగ్గర మటుకు మూగోడు. ఆడిస్తాడు, ఎత్తుకుంటాడు, నోరు విప్పడు. అలాంటప్పుడు సన్నిపాత జొరం వచ్చింది మత్తయికి. ఒళ్ళు తెలీని జొరంలో పాత తిట్లు రెండు బయటికొచ్చేయి. తెలివొచ్చేక ఎవరో ఆ మాట ఆడికి చెప్పేరు, నోరు పడిపోను. మర్నాడు పొద్దున్న ఇంక ఉండడని తెలిసిపోయింది. అప్పుడు వీరలక్ష్మి పిల్లాణ్ణి తెచ్చి ఆడి పక్కన కూర్చోబెట్టింది. "మావా, ఈడికీ అను," అంది. అన్నేళ్ళకి అదే మొదటి మాట. ఆడు పిల్లాణ్ణి చూసేడు. కళ్ళమ్మట నీళ్ళు. చెయ్యెత్తి నోటి మీద అడ్డంగా పెట్టుకున్నాడండి. ఏం వత్తాదో అని భయం. "అను మావా, అనూ," అని ఆవిడ ఆ చెయ్యి లాగుతానే ఉంది. పోయేక గానీ రాలేదు ఆ చెయ్యి.

పిల్లాడు పెద్దయ్యేక అడిగేవోడు, "మా నాన్న అందరికీ చల్లగుండ అన్నాడంట, నన్నేటన్నాడమ్మా?" అని. "ముందు నిన్నే అన్నాడ్రా, తరవాతే పోయేడు," అనేది. అడిగినప్పుడల్లా అదే. గుళ్ళో ప్రభువు బల్ల రొట్టె తీసుకునే మనిషి, కొబ్బరాకు కూడా అడక్కుండా ముట్టని మనిషి. ఆ ఒక్క అబద్ధం అలవాటైపోయింది. పోయేముందు నన్ను పిలిచి అడిగింది, "అన్నయ్యా, అదొక్కటీ మానలేకపోయేను, పాపమేనా?" అని. నాకేం తెలుత్తాదండీ. మీరు చదువుకున్నోళ్ళు. మీరు చెప్పండి.

ముందు ఈ మజ్జిగ పుచ్చుకోండి.