డ్యూకు భార్య మోసుకొచ్చినది

బిలాస్‌పూర్ రైల్వే ఆసుపత్రి వరండాలో నానమ్మా, మనవరాలూ బెంచీ మీద కూర్చున్నారు. పక్షవాతం వచ్చిన తాతయ్యకు లోపల వ్యాయామం చేయిస్తున్నారు. మనవరాలు పరీక్ష కోసం చరిత్ర పుస్తకం చదువుకుంటోంది.

“నానమ్మా, ఇది విను. తొమ్మిది వందల ఏళ్ల కిందట జర్మనీలో ఒక డ్యూకు కోటని రాజు ముట్టడించాడట. మగవాళ్లని చంపేస్తానని, ఆడవాళ్లు మాత్రం భుజాల మీద మోయగలిగినంత పట్టుకుని పోవచ్చన్నాడట.”

“బంగారం మూట కట్టుకున్నారేటి?”

“లేదు. డ్యూకు భార్య మొగుణ్ణే వీపుమీద ఎక్కించుకుని బయటికొచ్చిందని కథ. మిగతా ఆడవాళ్లూ అంతేనట.”

“ఓలమ్మో! అంత దొరసానే? బిందెడు నీళ్లయినా మోసుంటాదేటి ఆయమ్మ?”

“అదే కదా! రాజు నోరెళ్లబెట్టాడట. ఇచ్చిన మాట తప్పకుండా అందర్నీ వదిలేశాడట.”

“ఎంత గుండె ధైర్యమే ఆ తల్లికి! దండం పెట్టాల.”

“అచ్ఛా, నాన్న పొద్దున్నే డ్యూటీకి వెళ్లిపోయాడు. నేను కాలేజీ నుంచి సీదా ఇక్కడికే వచ్చాను. మరి తాతయ్యని రెండో అంతస్తు నుంచి ఎవరు దించారు?”

“ఇంకెవులున్నారే? నానే.”

“నువ్వా? ఎలా?”

“వీపుమీద ఏసుకుని దించీసినాను. నెల్లాళ్ల బట్టీ మీరెల్లిపోయాక అంతే. కింద ఆటో ఉంటాది కదా.”

మనవరాలు పుస్తకం మూసేసింది.

“నలభై మెట్లు నానమ్మా! తాతయ్య ఏమీ అనలేదా?”

“మాట సరిగ్గా రాదు కదే. అయినా నా మెడ సుట్టూ సెయ్యేసుకుని, ‘మెల్లిగా దిగే, నీ మోకాళ్లు జాగర్త’ అన్నాడు.”