మంగరాజు గారు కూర్చున్న తగువు

1989 ఆగస్టు పద్నాలుగో తేదీన పార్వతీపురంలోని మన బీమా కార్యాలయంలో రికార్డు గుమాస్తాగా చేరిన శ్రీ మంగరాజు గారు, ముప్పై అయిదేళ్ళ నిష్కళంక సేవానంతరం ఈ మే నెలాఖరున సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేస్తున్నారు. ‘నిష్కళంక’ అన్న మాటకు ముందుగా అభ్యంతరం చెప్పింది వారే. “మంచి మాటలే రాస్తే ఒప్పుకోను రమణమూర్తి గారూ. సుక్రు సంగతి కూడా రాయాల” అన్నారు. ఇష్టం లేకుండానే రాస్తున్నాను.

సీతంపేట కొండల్లో ఒక సవర కుటుంబంలో జన్మించి, స్వయంకృషితో విద్యావంతులైన వారు, జీపులూ కార్లూ కొండలెక్కడం మొదలైన రోజుల్లో వాహన బీమా విభాగానికి వచ్చారు. మా బోటి పల్లపు వాళ్ళం పాలసీ కాగితం చేతిలో పెట్టి “అన్నీ అందులోనే ఉన్నాయి” అని పంపేస్తుంటే, వారు మాత్రం ఆ మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని, సవరలో కొంత, తెలుగులో కొంత విడమరిచి చెప్పేవారు.

“నీ బండి తగిలి ఇంకొకలికి ఏటైనా అయితే ఆలకి ఇచ్చేది థర్డ్ పార్టీ. నీ బండికే దెబ్బ తగిలితే ఓన్ డ్యామేజీ. దానికి వేరేగా కట్టాల. ఐడీవీ అంటే కొన్నప్పటి ధర కాదు. నీ ఎద్దుని ఇయ్యేల సంతకి తోలితే ఎంత పలుకుతాది? అలాగే.”

2010 వేసవిలో వారి పెదనాన్న కుమారుడు భీమన్న నడుపుతున్న కారు ఘాట్ రోడ్డు మలుపులో అదుపు తప్పి, చింతపండు కావిడితో వస్తున్న పక్క ఊరి సుక్రును ఢీకొట్టింది. ఆయన అక్కడికక్కడే ప్రాణం విడిచారు. ఆ సాయంత్రమే రెండూళ్ళ పెద్దలూ కూర్చుని తీర్పు చెప్పారు. కొండల్లో దాన్ని తగువు అంటారు. భీమన్న, సుక్రు భార్య సోములమ్మ గారి కాళ్ళ మీద పడి ఏడ్చాడు, తన ఎడ్ల జతను ఇచ్చుకున్నాడు. మంగరాజు గారు ఆ రోజు బీమా ఉద్యోగిగా కాక భీమన్న తమ్ముడిగా కూర్చున్నారు. “టేసనుకెందుకు? మనలో మనం సూసుకుందాం” అన్న మాట వారి నోటి నుంచే వచ్చింది. మర్నాడు దహనం జరిగిపోయింది.

ఆ కారుకు థర్డ్ పార్టీ పాలసీ అమల్లోనే ఉంది. దగ్గరుండి రాయించింది మంగరాజు గారే.

రెండేళ్ళ తర్వాత, కారు బీమా నుంచి పరిహారం వస్తుందని ఎవరో చెబితే విని, సోములమ్మ గారు ఇద్దరు ఆడపిల్లలను వెంటబెట్టుకుని మన కార్యాలయానికి వచ్చారు. క్లెయిముల బల్ల దగ్గర ఉన్నవాణ్ణి నేను. ఎఫ్ఐఆర్ ఉందా, పోస్టుమార్టం రిపోర్టు ఉందా అని అడిగాను. లేవన్నారు. అవి లేనిదే మీ ఆయన ఆ కారు వల్లే పోయాడని ఏ కోర్టులోనూ నిలబెట్టలేరని, తలయినా ఎత్తకుండా చెప్పాను. ఎంత పాపిష్టి నోరు నాది!

“పెద్దలందరూ సూసినారు కదా బాబూ!” అంటూ ఆమె అక్కడే నిలబడిపోయారు.

మంగరాజు గారు లేచి వచ్చి, అందరి ముందూ ఆమెకు చేతులు జోడించారు. “తప్పు నాదమ్మా. కేసొద్దన్నది నేనే.” పెద్దమ్మాయి ఆ ఏడే చదువు మానేసి జీడితోటల పనికి పోయింది.

నాటి నుంచి పదమూడేళ్ళు, సెలవు వస్తే చాలు, వారు కొండ సంతల్లో నిలబడి, “తగువు పెట్టుకోండి, కాదన్ను. ముందు టేసనుకెళ్ళి కేసు రాయించండి” అని గొంతు పోయేలా చెబుతూనే ఉన్నారు. పదోన్నతి వస్తే బదిలీ తప్పదని, అందుకోసం రెండుసార్లు దాన్ని వదులుకున్నారు. గుండెకు స్టెంటు వేయించుకున్నాక కూడా ఆగలేదు. వారి సతీమణి హేమలత గారు ఎంత పోరినా వినలేదు. మంగరాజు గారి మాట విని కేసు రాయించి పరిహారం పొందిన కుటుంబాలు నాకు తెలిసి పదకొండు. ఆ సంగతి మెచ్చుకోబోతే ముఖం తిప్పుకునేవారు. రిటైరయ్యాక వారమంతా సంతలకే పోతానంటున్నారు.

ఈ వ్యాసం కోసం గత వారం సోములమ్మ గారి ఊరు వెళ్ళి, వారు సంతలు తిరుగుతున్న సంగతి చెప్పాను. ఆమె జీడిపిక్కలు ఆరబోస్తున్నారు.

“నా మనిసి పోయినాడు. నా పెద్ద గుంట సదువు పోయింది. ఆ బాబు ఎన్ని సంతలు తిరిగినా అవి రావు” అన్నారు. మళ్ళీ కాసేపటికి, “గుండె బాగోలేదట కదా. ఇంక సాలని సెప్పండి. నేను సెప్పినానని సెప్పండి” అన్నారు.

చెబుతున్నాను. మంగరాజు గారూ, మిమ్మల్ని క్షమించే హక్కు మాకెవ్వరికీ లేదు. ఆ హక్కున్న ఆమె చాలన్నారు. హేమలత గారితో కలిసి ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్ళు చల్లగా జీవించండి. సంతలకు ఇకమీద నేను వెళ్తాను.