మాడిన గేర్ ఆయిల్

రెజ్యూమెలో డబ్బిచ్చి పెట్టించుకున్న దొంగ ఎక్స్‌పీరియన్స్ పంజగుట్ట ఆఫీసులో బయటపడి కేదార్ ఉద్యోగం ఊడింది. జీతాల రోజు ఇంకా రాలేదు గనుక, స్కూల్లో పాఠాలు చెప్పే భార్య సంహితకు ఆ సంగతి తెలియదు. రోజూ లంచ్ బాక్స్ పట్టుకుని కారులో బయల్దేరుతూనే ఉన్నాడు మహానుభావుడు. ఇప్పుడా పాత ఆటోమేటిక్ కారు మొరాయించింది. ఆదివారం పూట ఇద్దరూ దాన్ని అమీర్‌పేటలో మెకానిక్ నర్సింహులు దగ్గరికి తెచ్చారు.

"గేరు డి లో ఏస్తె జర ఆగి, ధడేల్మని గుంజుతున్నది. గంతే కదా సార్?"

"అంతే. పాత బండి కదా, ఆయిల్ మార్చేయండి చాలు."

"ముందుగాల సూడనియ్యిండ్రి... అబ్బో, నల్లగ మాడిపోయింది. రోజు ఎంత దూరం తిప్పుతరు?"

"యూసుఫ్‌గూడ నుంచి పంజగుట్ట. ఆఫీసుకి, ఇంటికి. అంతే."

"గంతకే మాడదు సార్. ఘాట్ రోడ్డు ఎక్కిన్రా?"

"లేదు, లేదు."

"మరి నిలబెట్టి నడిపిన్రా? నో పార్కింగుల పోలీసోడొస్తె కదులుదమని, ఏసీ ఏసుకొని, డి లనే ఉంచి, బ్రేకు మీద కాలు పెట్టి, గంటలు గంటలు?"

"నేనెందుకు నిలబెడతాను?"

"పెట్రోల్ ఎక్కువ తాగుతోందని నేనూ అంటూనే ఉన్నాను. ఎక్కడ నిలబెడుతున్నారండీ?"

"ఎక్కడంటే... ట్రాఫిక్ సంహితా. పంజగుట్ట ట్రాఫిక్ నీకు తెలియనిదా?"

"గంటలు గంటలా?"

"ట్రాఫిక్ అంటే ట్రాఫిక్కే. ఏం నర్సింహులన్నా, ట్రాఫిక్‌లో మాడదా? చెప్పు. మాడదా?"

"ట్రాఫిక్‌లనా సార్?"

"చెప్పన్నా."

"మాడుతది సార్. మాడుతది మేడమ్. గా ట్రాఫిక్‌ల మస్తు బండ్లు మాడినయ్."

"చూశావా? నేను చెప్తే నమ్మవు."

"సరేలెండి. బాగు చెయ్యండి నర్సింహులు గారూ."

"గేర్‌బాక్స్ ఇప్పాలె మేడమ్. ఖర్చు శానా అయితది."

"విప్పండి, ఫర్వాలేదు."

"వద్దు వద్దు. వచ్చే నెల చూద్దాం."

"వచ్చే నెలా? జీతం వచ్చేస్తోందిగా?"

"వస్తోంది. వస్తుందిలే. కానీ వద్దు."

"ఎందుకలా చెమటలు పట్టాయి మీకు? ఇంట్లో చెబుదామనుకున్నాను, ఇక్కడే చెప్పేస్తున్నా. ‘నా జీతం చాలు, నువ్వు స్కూలు మానేసి హాయిగా జావా నేర్చుకో’ అని సంవత్సరం నుంచీ పోరుతున్నారుగా! నిన్న స్కూల్లో రాజీనామా ఇచ్చేశానండీ."