నెల మధ్యలో

స్నానాలగదిలో కోడలు. మూసిన తలుపు బయట అత్త.

“కుళాయి కట్టేసి మాట్లాడు. వినబడట్లేదు.”

“ఏం లేదత్తయ్యా. యూనిఫాం ఉతుకుతున్నా.”

“నిన్ననేగా ఉతికావు?”

“బస్సులో ఎవరో టీ ఒలికించారు.”

“టీ మరక ఎర్రగా ఉంటుందా? పొద్దున బకెట్లో నీళ్ళు చూశాను.”

“నెలసరి అత్తయ్యా. అంతే.”

“మొన్ననేగా అయింది? నడుంనొప్పని సెలవు కూడా పెట్టావు.”

“ఒక్కోసారి ముందొస్తుంది.”

“ముందు కాదే, మధ్యలో వస్తోంది. పోయిన నెలా ఇంతే. నేనేమన్నా గుడ్డిదాన్నా?”

“వేడి చేసుంటుంది. రోజంతా నిలబడి టిక్కెట్లు కొట్టే ఉద్యోగం...”

“కండక్టర్లందరికీ ఇలాగే వేడి చేస్తోందా? తలుపు తియ్యి.”

“వద్దు.”

“తియ్యవే అమ్మా.”

“వద్దత్తయ్యా. మీకు దణ్ణం పెడతాను, వెళ్ళండి.”

“వెళ్ళను. ఇక్కడే కూర్చున్నా. డాక్టరమ్మ దగ్గరికి పోదాం. మా కుట్టుషాపులో కాజాలు కుట్టే ఆవిడకీ ఇలాగే మధ్యమధ్యలో కనబడేది. లోపల చిన్న కండ పెరిగిందని తీసేశారు. మళ్ళీ హాయిగా పనిలోకొచ్చింది.”

“అందరికీ కండే అవ్వదు.”

“గడ్డలుంటాయి, హార్మోన్ల తేడా ఉంటుంది, పుండో వాపో ఉంటుంది. ఏదో చూస్తేగా తెలిసేది!”

“చూశారు.”

“ఎవరు?”

“డాక్టరు. ముక్క తీసి పరీక్షకి పంపారు.”

“ఒక్కదానివే వెళ్ళావా?”

“డ్యూటీ దిగి అట్నుంచటే.”

“ఏమన్నారు? ... ఏమన్నారే?”

“గర్భసంచి మూతి దగ్గర... క్యాన్సరట.”

“ఛ. నోర్ముయ్. ఛ.”

“మొదట్లోనే ఉందట. ఇప్పుడే గర్భసంచి తీసేస్తే బతుకుతానన్నారు. ఆలస్యం చేస్తే చెప్పలేమన్నారు.”

“మరి తీయించుకోకుండా బకెట్ల ముందు కూర్చుంటావేంటే! వాడికి చెప్పావా?”

“చెప్పాను.”

“ఎప్పుడు?”

“రెండు నెలలైంది.”

“రెండు... మరి వాడేం చేస్తున్నట్టు?”

“ఆయన్నేం అనకండి.”

“ఏమన్నాడు వాడు?”

“వదిలెయ్యండత్తయ్యా.”

“చెప్తావా, తలుపు బద్దలుకొట్టనా?”

“ఏడ్చారు. ఏడ్చి ఏడ్చి... ఒక్క బిడ్డ పుట్టేదాకా ఆగమన్నారు.”

“నువ్వు ఆగావు.”

“ఆగాను.”

“బుద్ధుందా మీ ఇద్దరికీ? నువ్వే పోతే బిడ్డెందుకు, బూడిదెందుకు? ఎవర్ని ఉద్ధరించడానికే ఇదంతా?”

“మిమ్మల్నే.”

“నన్నా?”

“మనవణ్ణి ఎత్తుకోకుండానే పోతానేమోనని రోజూ అంటారుగా. ఇక పిల్లలు పుట్టరని తెలిస్తే అమ్మ గుండె ఆగిపోతుందన్నారాయన... అత్తయ్యా? అత్తయ్యా, ఉన్నారా?”

“ఉన్నాను. గడియ తియ్యి తల్లీ. చీర మార్చుకో, ఆసుపత్రికి పోదాం. ఆపరేషన్ కాగితాల మీద నీ పక్కన సంతకం నేను పెడతాను. అంతా అయ్యాకే వాడికి చెబుదాం.”